ఆగిన కచేరి – అందవలసిన సొమ్ము

ధనమునుగూర్చిన మాటలు మగవారివనియు, వంటయింటి మాటలు ఆడువారివనియు పంచుకొన్న దినములు గతించినవి. కరెంటు బిల్లు చెల్లించుట, పిల్లల బడిజీతము కట్టుట, రైలు టిక్కెట్లు తీయుట మొదలగు పనులెన్నియో నేడు గృహిణియే చేతిలోని ఫోనుమీద నెరవేర్చుచున్నది. బీరువాలో తాళపుచెవుల గుత్తి ప్రక్కన క్రెడిట్ కార్డునకు కూడ చోటు కలిగినది. తాళపుచెవులను భద్రపఱచు నేర్పు మనకు తల్లులు నేర్పిరి. ఈ కార్డును వాడు నేర్పును మాత్రము ఎవరును నేర్పలేదు. అప్పుచేసి పప్పుకూడు తినవలదని హెచ్చరించువారు పెక్కుమంది కలరు. ఆ హెచ్చరిక వలసినదే. కాని కార్డుతో చెల్లించిన సొమ్ము దారి తప్పినపుడు దానిని మరల రప్పించుకొను మార్గమొకటి కలదని చెప్పువారు అరుదు. ఈ నెల మేము ఆ మార్గమునుగూర్చి మన సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

మాకీ విషయము పుస్తకములవలన తెలిసినది కాదు. మా యింట జరిగిన యొక సంఘటనవలన తెలిసినది. కాబట్టి ముందుగా దానినే చెప్పెదము.

మా మేనకోడలొకతె విజయవాడలో కుట్టుపని చేసి నెలకింత కూడబెట్టుకొనుచుండును. ఆమె అత్తగారికి సంగీతమన్న ప్రాణము. రేడియోలో దశాబ్దములపాటు విన్న గాయకురాలిని ఒక్కసారియైనను కన్నులార చూచి వినవలెనని ఆ పెద్దావిడ కోరిక. హైదరాబాదులో ఆ కచేరి జరుగనున్నదని తెలిసి, మా పిల్ల తన సంపాదనలోనుండి తీర్చుకొందునన్న ధైర్యముతో నాలుగు టిక్కెట్లు కొనెను. టిక్కెట్టు 2,500 రూపాయల చొప్పున మొత్తము 10,000 రూపాయలు. సొమ్మును టిక్కెట్లమ్ము సంస్థవారికి ఇంటర్నెట్టుద్వారా తన క్రెడిట్ కార్డుతో చెల్లించెను.

కచేరికి రెండు దినములు ముందు ఫోనునకు చిన్న సందేశము వచ్చినది: అనివార్య కారణములచే కార్యక్రమము రద్దయినది, సొమ్ము పదునాలుగు దినములలో తిరిగి యిచ్చెదము అని. పదునాలుగు దినములు గడచినవి. నెల గడచినది. టిక్కెట్లమ్మినవారిని అడిగినచో నిర్వాహకుల నడుగుడనిరి. నిర్వాహకుల నడిగినచో టిక్కెట్లమ్మినవారి నడుగుడనిరి. "పోనీలే అమ్మా, నాకు ప్రాప్తము లేదు, నీవు దిగులు పడకు" అని అత్తగారు ఓదార్చినది. "అందుకే ఆ కార్డు వద్దన్నాను" అని భర్త అన్నాడట. ఆ రెండు మాటలలో ఏది యెక్కువ నొప్పించినదో ఆ పిల్లయే యెఱుగును. కన్నీరు పెట్టుకొని మా యింటికి వచ్చినది.

మాకును ఏమి చేయవలెనో తోచలేదు. మా వీథి చివర బాంకులో పనిచేసి విశ్రాంతి తీసికొన్న పెద్దమనిషి యొకరున్నారు. ఆయన యొద్దకు తీసికొని పోతిమి. ఆయన ఓదార్పు మాటలు చెప్పలేదు. మూడు ప్రశ్నలు మాత్రము అడిగిరి. "దేనితో చెల్లించావమ్మా? కచేరి ఏ తేదీన జరగవలసినది? డబ్బు తిరిగి ఇమ్మని వ్రాతమూలకముగా అడిగావా?" ఈ మూడు ప్రశ్నలలోనే విషయమంతయు ఇమిడియున్నదని మాకు తరువాత తెలిసినది.

చెల్లించినది దేనితో?

కార్డుతో సొమ్ము చెల్లించినపుడు మనకును అమ్మువానికిని నడుమ మఱి ముగ్గురు నిలిచియుందురు. మనకు కార్డిచ్చిన బాంకు ఒకటి; అమ్మువాని తరపున సొమ్ము పుచ్చుకొను బాంకు ఒకటి; ఈ రెండు బాంకులకు నడుమ నియమములు విధించి లెక్కలు నడుపు వీసా, మాస్టర్‌కార్డు, రూపే వంటి వ్యవస్థ యొకటి. అమ్మువాడు ఈ వ్యవస్థలో చేరునపుడే యొక కట్టుబాటునకు లోబడియుండును. సొమ్ము పుచ్చుకొని వస్తువీయక పోయినను, చేయుదునన్న సేవ చేయకపోయినను, కొన్నవారు తమ బాంకుద్వారా ఆ సొమ్మును వెనుకకు లాగుకొనవచ్చును. దీనినే చార్జిబ్యాక్ అందురు. పెండ్లిమాటలు కుదిర్చిన పెద్దమనుష్యులు, మాట తప్పిన పక్షమువారిని పిలిపించి అడుగుట వంటిదే యిది.

ఇందు ఒక విశేషము కలదు. అమ్మువాడు వ్యాపారము మూసికొని పోయినను, నియమముల ప్రకారము అతని తరపు బాంకు ఆ సొమ్మునకు జవాబు చెప్పవలసియుండును. 2019 ఏప్రిల్ 17వ తేదీతో జెట్ ఎయిర్వేస్ విమానములు నిలిచిపోయినవి. 2023 మే నెలలో గో ఫస్ట్ విమానములు నిలిచిపోయినవి. ముందుగా టిక్కెట్లు కొని యున్నవారు ఎందఱో దిక్కుతోచక నిలిచిరి. అట్టి సమయములలో, మూతపడిన కంపెనీ తలుపు తట్టుటకంటె తమకు కార్డిచ్చిన బాంకు తలుపు తట్టుట మేలు.

ఇచ్చట మన సోదరీమణులు రెండు మాటలను కలగాపులగము చేసికొనరాదు. కార్డులతోపాటు వచ్చు కాగితములలో కొనుగోలు రక్షణ అను పేరుతో ఒక భీమా కనబడుట కద్దు. అది సాధారణముగా కార్డుతో కొన్న వస్తువు కొలది కాలములో దొంగలపాలైనను, పాడైనను వర్తించునది. టిక్కెట్లను అందులోనుండి మినహాయించుటయే పరిపాటి. ఉత్సవము రద్దయినపుడు మనకు అక్కఱకు వచ్చునది ఆ భీమా కాదు. చార్జిబ్యాక్ అను ఈ కట్టుబాటు. బాంకువారిని అడుగునపుడు కొనుగోలు రక్షణ యని అడిగినచో లేదని చెప్పి పంపవచ్చును. "సొమ్ము చెల్లించితిని, సేవ అందలేదు, ఈ చెల్లింపును వివాదముగా నమోదు చేయుడు" అని అడుగవలెను.

ఏ తేదీన జరుగవలసినది?

కాలపరిమితి దాటినచో ఎంతటి న్యాయమైన కోరికయైనను వ్యర్థమగును. వీసా, మాస్టర్‌కార్డు నియమములలో ఇట్టి వివాదములకు సాధారణముగా 120 దినముల గడువు కలదు. ఆ గడువును టిక్కెట్టు కొన్న దినమునుండి కాక, ఉత్సవము జరుగవలసిన దినమునుండి లెక్కించుట కలదు. కాని చెల్లింపు జరిగిన పిదప 540 దినములు దాటిన వివాదమును స్వీకరింపరు. ఆఱు నెలలు ముందుగా టిక్కెట్లు కొన్నవారు గడువు దాటినదని తమంతట తామే నిరాశ చెందనక్కఱలేదు. అయినను మన బాంకులు తమ సౌకర్యముకొఱకు ఇంతకంటె తక్కువ గడువు పెట్టుకొనుట కద్దు. కాబట్టి అమ్మినవాడు చెప్పిన గడువు దాటిన మఱునాడే బాంకునకు వ్రాయుట క్షేమము. మా మేనకోడలు మొహమాటముతో నెలదినములు పోగొట్టుకొన్నది. అదృష్టవశమున గడువు మిగిలియున్నది.

వ్రాతమూలకముగా అడిగితివా?

అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన పెద్దల మాట. బాంకు కూడ ముందుగా చూచునది ఇదియే: అమ్మినవానిని నీవు అడిగితివా, అతడేమి చెప్పెను? ఫోనులో అడిగిన మాట గాలిలో కలిసిపోవును. ఈ-మెయిలుద్వారా అడిగినచో తేదీతో సహా సాక్ష్యముగా నిలుచును. ఆ పెద్దమనిషి మా పిల్లచేత ఆ రాత్రియే నాలుగు పంక్తుల ఉత్తరము వ్రాయించిరి. అందు నిష్ఠురము లేదు, శాపనార్థము లేదు. టిక్కెట్ల సంఖ్య, చెల్లించిన మొత్తము, రద్దయిన తేదీ, వారిచ్చిన వాగ్దానము, ఏడు దినములలో సొమ్ము పంపవలెనను కోరిక, అంతే. ఏడు దినములకును సమాధానము రాలేదు. ఆ రాకపోవుటయే మాకు సాక్ష్యమైనది.

పిమ్మట ఆమె బాంకునకు వివాద పత్రము పంపెను. దానితో జతపఱచినవి ఇవి: టిక్కెట్ల ప్రతి, కార్డు లెక్కల పట్టికలో ఆ చెల్లింపు కనబడు పుట, రద్దు సందేశపు ఛాయ, తాను వ్రాసిన ఉత్తరము. బాంకువారు ఫిర్యాదు సంఖ్య నొకటి యిచ్చిరి. ఆ సంఖ్యను వ్రాసి ఉంచుకొనుట మఱవరాదు; తరువాతి మెట్టులన్నింటికి అదియే తాళపుచెవి.

కొలది దినములకు 10,000 రూపాయలు ఆమె లెక్కలో జమయైనట్లు కనబడెను. ఆమె సంతోషముతో మాకు చెప్పగా ఆ పెద్దమనిషి, "అప్పుడే సంతోషపడకు, ఇది తాత్కాలికము" అనిరి. అమ్మినవాడు తన వాదమును వినిపించుకొనుటకు కొంత గడువుండును. సేవ చేసితినని ఋజువు చూపినచో ఈ జమ తిరిగి రద్దగును. ఇక్కడ కచేరియే జరుగలేదు గనుక వారు చూపునదేమియు లేకపోయెను. రమారమి ఏడు వారములకు వివాదము ముగిసి సొమ్ము స్థిరపడినది.

నడుమ కాలమున చేయవలసినది

వివాదము నడచుచుండగా కార్డు బిల్లు కట్టక మానరాదు. ఇది మిక్కిలి ముఖ్యము. రావలసిన సొమ్ము రాలేదన్న కోపముతో బిల్లు ఆపినచో, బకాయిమీద వడ్డీ పడును. క్రెడిట్ కార్డు వడ్డీ నెలకు నూటికి మూడు రూపాయలకు పైబడుట సామాన్యము. సంవత్సరమునకు లెక్కించినచో ఏ వడ్డీ వ్యాపారియైనను సిగ్గుపడును. మా పిల్ల ఆ నెల ఇద్దఱి రవికెల కుట్టుకూలి ముందుగా అడిగి పుచ్చుకొని, బిల్లు మొత్తము గడువులోపల కట్టినది. సొమ్ము తిరిగి వచ్చినపుడు అది తరువాతి బిల్లులో తగ్గింపబడినది.

బాంకు పట్టించుకొననియెడల ఏమి చేయవలెను? 2022లో రిజర్వు బాంకువారు కార్డులనుగూర్చి యిచ్చిన ఆదేశములలో, బిల్లులోని ఏ పద్దునైనను కార్డుదారు ఆక్షేపించినచో ఫిర్యాదు చేసిన 30 దినములలోపల బాంకు సంజాయిషీ చెప్పవలెనని విధింపబడినది. బాంకునకు ఫిర్యాదు చేసి 30 దినములైనను సమాధానము రాకున్నను, వచ్చిన సమాధానము సంతృప్తికరముగా లేకున్నను, రిజర్వు బాంకు అంబుడ్స్‌మన్‌కు మొఱపెట్టుకొనవచ్చును. అందులకు రుసుము లేదు, వకీలు అక్కఱలేదు. ఈ ఏర్పాటును 2021లో దేశమంతటికి ఒకే పథకముగా కూర్చిరి.

అమ్మినవానిమీదనే చర్య తీసికొనదలచినవారికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము కలదు. ముందుగా 1915 అను సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రములో ఫిర్యాదు చేయవచ్చును. అప్పటికిని ఫలము లేకున్నచో జిల్లా కమిషను కలదు. చెల్లించిన మొత్తము అయిదు లక్షల రూపాయల లోపు అయినయెడల రుసుము లేదు. పూర్వము ప్రతిపక్షి యున్న ఊరికి పోవలసి వచ్చెడిది. ఈ చట్టమువలన మన మున్న జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. ఇల్లు విడిచి కదలలేని స్త్రీలకు ఇది సామాన్యమైన మేలు కాదు. రెండు సంవత్సరముల గడువు దాటకుండ చూచుకొనవలెను.

పొరుగింటి వదినగారి కథ

ఇదే కచేరికి మా మేనకోడలి పొరుగింటి వదినగారు కూడ రెండు టిక్కెట్లు కొనిరి. ఆవిడ కొన్నది సంస్థవారినుండి కాదు. టిక్కెట్లన్నియు అమ్ముడుపోయిన పిదప, తనకు పోవుటకు వీలుపడదని చెప్పిన యొక అపరిచితునివద్ద 6,000 రూపాయలకు కొని, సొమ్మును యు.పి.ఐ. ద్వారా అతని ఫోను సంఖ్యకు పంపిరి. టిక్కెట్లు దొంగవి కావు, నిజమైనవే. కాని కచేరి రద్దయిన పిమ్మట తిరిగి వచ్చు సొమ్ము, మొదట కొన్నవాని కార్డునకే పోవును. ఆవిడ ఎన్నిసార్లు ఫోను చేసినను అతడు పలుకలేదు. ఒక మనిషినుండి మఱియొక మనిషికి నేరుగా పోయిన సొమ్మునకు నడుమ నిలిచి అడుగు పెద్దమనిషి లేడు. "ఆరువేలూ ఏటిలో వేసినట్లయింది" అని ఆవిడ వాపోయిరి. యు.పి.ఐ. చెడ్డదని మేము చెప్పుట లేదు. కూరగాయలకు, పాలకు, ఎఱిగినవారికి అది యెంతో సుఖము. కాని నేడు సొమ్మిచ్చి, నెలల తరువాత ఫలము పొందు కొనుగోళ్లకు, అనగా కచేరులు, ప్రయాణములు, విడిది గదులు మొదలగువానికి, తీర్చుకొనగల శక్తి యున్నంతలో కార్డుతో చెల్లించుట మేలని మా అభిప్రాయము.

ఇతర దేశములలో

క్రెడిట్ కార్డు మనకు క్రొత్తది కాదు. 1950లో అమెరికాలో డైనర్స్ క్లబ్బు కార్డు పుట్టినది. మన దేశమున ఈ దారి తొక్కిన తొలి బాంకులలో ఆంధ్రా బాంకు ఒకటి. 1981లోనే అది కార్డులను ప్రవేశపెట్టెను. 1923లో బందరులో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు స్థాపించిన ఆ బాంకు, 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బాంకులో విలీనమైనది.

విదేశములలో బిడ్డలున్న తల్లులు ఈ సంగతులను వారికి వ్రాయవచ్చును. ఇంగ్లాండులో 1974 నాటి వినియోగదారుల ఋణచట్టమున 75వ విభాగము కలదు. నూఱు పౌనులకు మించి ముప్పదివేల పౌనులవఱకు ధరగల వస్తువునుగాని సేవనుగాని క్రెడిట్ కార్డుతో కొన్నచో, అమ్మినవానితోపాటు కార్డిచ్చిన బాంకుకూడ సమానముగా బాధ్యత వహించును. ధరలో కొంతభాగమే కార్డుతో చెల్లించినను ఆ రక్షణ మొత్తమునకు వర్తించును. అయితే నడిమి దళారులవద్ద కొన్న టిక్కెట్లకు ఇది తఱచు వర్తింపదు. అమెరికాలో అదే 1974లో వచ్చిన చట్టము ప్రకారము, అందని సేవకు పడిన పద్దును తప్పు పద్దుగా ఎంచి, బిల్లు పంపిన 60 దినములలో వ్రాతమూలకముగా ఆక్షేపింపవచ్చును. బాంకు 30 దినములలో ఉత్తరము అందినదని తెలుపవలెను. 90 దినములు దాటకుండ పరిష్కరింపవలెను. ఆ దేశములలో ఇది చట్టము. మన దేశమున చార్జిబ్యాక్ ముఖ్యముగా కార్డు వ్యవస్థల నియమము. చట్టమంత బలము లేకున్నను, అడుగువారికి ఉపయోగపడుచునే యున్నది.

మన న్యాయస్థానములుకూడ ఈ సమస్యను చూడకపోలేదు. 2020లో మహమ్మారివలన ప్రయాణములు నిలిచిపోయినపుడు విమానటిక్కెట్ల సొమ్మునుగూర్చి సుప్రీముకోర్టు అక్టోబరు 1వ తేదీన తీర్పు చెప్పెను. లాక్‌డౌను కాలములో, ఆ కాలపు ప్రయాణములకే కొన్న టిక్కెట్ల పూర్తి సొమ్మును వెంటనే తిరిగి యీయవలెనని ఆదేశించెను.

రద్దు వేఱు, వాయిదా వేఱు

ఈ హక్కునకు హద్దులును కలవు. కచేరి జరిగి, మనకే జలుబు చేసి పోలేకపోయినచో అది అమ్మినవాని తప్పు కాదు. వాయిదా పడి మఱియొక తేదీ ప్రకటింపబడినచో, టిక్కెట్టుమీది నియమములను చదివి చూడవలెను. 2025 మే 9వ తేదీన ఐ.పి.ఎల్. క్రికెట్ పోటీలు నిలుపబడినవి. మఱునాడు హైదరాబాదులో జరుగవలసిన ఆట తరువాత ఢిల్లీలో మే 25వ తేదీన జరిగినది. పోటీ రద్దు కాలేదనుట నిజమే. కాని ఉప్పలులో కూర్చుండుటకు టిక్కెట్టు కొన్న గృహస్థునకు ఢిల్లీలోని ఆటతో ఏమి ప్రయోజనము? ఇట్టిచోట తేదీ, స్థలము రెండును చూచుకొని, కొన్న సేవ అందలేదని స్పష్టముగా వ్రాయవలెను.

అబద్ధపు ఫిర్యాదు ఎన్నడును చేయరాదు. చూచివచ్చిన కచేరికి సొమ్ము వెనుకకు అడుగుట దొంగతనమే. అట్లే, తిరిగి రావలసిన సొమ్ముకొఱకు ఇంటర్నెట్టులో ఎక్కడనో కనబడిన ఫోను సంఖ్యకు పిలువరాదు. సహాయకేంద్రమువారమని నటించి కార్డు వివరములు, ఓ.టి.పి. అడిగి ఉన్నదంతయు ఊడ్చుకొని పోవు మోసగాండ్రు అట్టిచోటనే పొంచియుందురు. కార్డు వెనుక ముద్రించిన సంఖ్యయొకటే నమ్మదగినది. సొమ్ము తిరిగి వచ్చుటకు మన రహస్యసంఖ్యతో పని లేదని గట్టిగా గుర్తుంచుకొనవలెను.

మా మేనకోడలికి సొమ్ము వచ్చినది. కాని ఆ గాయకురాలి కచేరి మరల జరుగలేదు. కొన్ని నెలలకు విజయవాడలోనే తుమ్మలపల్లి కళాక్షేత్రమున వేఱొకరి పాట ఉన్నదని తెలిసి, ఆ పిల్ల అత్తగారిని అచ్చటికి తీసికొనిపోయినది. తిరిగి వచ్చి ఆ పెద్దావిడ, "ఆమెను చూడలేకపోయాను గానీ, మా కోడలు డబ్బు రాబట్టిన సంగతి మా చెల్లెళ్లందరికీ చెప్పుకొన్నాను" అని నవ్వినది. భర్త ఇప్పుడు తన రైలు టిక్కెట్టు సొమ్ము రానిచో ఏ కాగితము ఎవరికి పంపవలెనని ఆమెనే అడుగుచున్నాడట.

పదివేల రూపాయలు కొందఱికి స్వల్పము. కుట్టుమిషను ముందు కూర్చుండి సంపాదించినవారికి అది రెండు నెలల రాత్రులు. అది పోయినదని ఊరకుండుట ఓర్పు కాదు. కాగితములు దాచుడు, తేదీలు వ్రాసికొనుడు, మర్యాదగా అడుగుడు, గడువు దాటనీయకుడు. నోరు మంచిదైన ఊరు మంచిదందురు. ఆ మంచినోటికి చేతిలో కాగితముకూడ తోడైనచో బాంకులును మంచివే యగును.